నీళ్ల లెక్క ఎవలు రాస్తున్నరు?

(ఉద్యోగులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న జలవనరుల సదస్సులో ఒక రిటైర్డ్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటలు పట్టుకొని మనం ఏండ్లకేండ్లు రోడ్ల మీద కూసున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నిధుల గురించి, నియామకాల గురించి చెప్పేటందుకు ఇక్కడ నాకంటే బాగ తెలిసినోళ్లున్నరు. నేను మొదటి మాట గురించే చెప్త. అందులోనూ కాలువల గురించి, పంపుల గురించి చెప్పను. నీళ్ల గురించి తెలుసుకునే శక్తి గురించి చెప్త. కొలిచే శక్తి, పరిశోధన చేసే శక్తి, ఆ పరిశోధనను నమ్మి నిలబడే శక్తి.

వెనుకబడ్డ దేశాలన్నింటికీ ఒక తీరు ఉన్నది. డ్యామ్‌కు అప్పు తెచ్చుకుంటయి, యంత్రాలు కొనుక్కుంటయి, కన్సల్టెంటును పిలిపించుకుంటయి. సొంత ప్రయోగశాలకు, సొంత గేజి స్టేషన్‌కు, సొంత పరిశోధకునికి పైసలు అడిగితే మాత్రం "వచ్చే ఏడు చూద్దాం" అంటయి. ఆ వచ్చే ఏడు ఎన్నటికీ రాదు. అట్ల వాయిదా వేసుకున్న జాతి ఎంత మూల్యం చెల్లిస్తదో, మన ఊర్ల నుంచి, పక్క దేశం నుంచి కొన్ని సంగతులు మీ ముందు పెడ్త.

కొలిచినోనిదే రాజ్యం

మన ఉద్యమానికి నీళ్ల లెక్కలు నేర్పినోళ్లలో ఆర్. విద్యాసాగర్ రావు సారు ముందుంటడు. కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి వచ్చి, టీఎంసీ అంటే ఏందో, నికర జలం అంటే ఏందో, మిగులు జలం అంటే ఏందో పల్లెటూరి సభల్లో కూడా అర్థమయ్యేటట్టు చెప్పిండు. 'నీళ్లు నిజాలు' అని రాసిండు. 2017 ఏప్రిల్‌లో మనల్ని విడిచిపెట్టి పోయిండు. ఆయన చేసిన అతిపెద్ద పని ఏందంటే, ఆఫీసు ఫైళ్లలో ఉన్న అంకెను బయటికి తెచ్చి రైతు చేతిలో పెట్టుడు.

ఆ అంకెల్లో ఒకటి చూద్దాం. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్‌ను 1969లో వేసిండ్రు. నదిలో నూటికి 75 ఏండ్లు నమ్మకంగా దొరికే నీళ్లు 2,060 టీఎంసీలని అది లెక్క కట్టింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560. పొలాల నుంచి తిరిగి నదిలో కలిసే నీళ్లు కలుపుకొని మన వాటా 811 అయింది. మరి 2,060 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏండ్ల ప్రవాహాల లెక్క నుంచి. ఆ లెక్క విజయవాడ దగ్గరిది. అక్కడ ఆనకట్ట ఉన్నది, డెల్టా కాలువలున్నయి, కాలువకు ఎన్ని నీళ్లు వదిలినమో రాసుకునే అవసరం ఉన్నది. అందుకే రాసుకున్నరు. రాసుకున్నోళ్లకు ట్రిబ్యునల్ ముందు ఆధారం దొరికింది. 1960 సెప్టెంబరు నాటికి ఉన్న వాడకాలకు ట్రిబ్యునల్ రక్షణ ఇచ్చింది. వాడకం ఉన్నోనికి రక్షణ వచ్చింది, వాడకాన్ని కాగితం మీద చూపెట్టగలిగినోనికి ఇంకా గట్టి రక్షణ వచ్చింది.

మన దిక్కు వేల చెరువులున్నయి. ప్రతి చెరువు కింద వాడకమున్నది. కానీ ఏ ఏడు ఏ చెరువు ఎంత నిండింది, మత్తడి ఎన్ని రోజులు దుంకింది, తూము నుంచి ఎన్ని నీళ్లు పోయినయి అన్న లెక్క ఎన్ని ఊర్లకు ఉన్నది? నీరటికి తెలుసు. నీరటి నోటి మాట కోర్టులో సాక్ష్యం కాదు కదా.

రాష్ట్రమొచ్చినంక 2015లో తాత్కాలికంగ 512 టీఎంసీలు ఆంధ్రకు, 299 మనకు అని సర్దుబాటు చేసిండ్రు. తర్వాత 2023 అక్టోబరులో రెండు రాష్ట్రాల మధ్య పంపకం సంగతి బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పజెప్పిండ్రు. అక్కడ నినాదాలు పనిచెయ్యవు. పరీవాహక ప్రాంతం ఎంత, కరువు పీడిత నేల ఎంత, ఏ పంటకు ఎన్ని నీళ్లు, ఏ ఉపనదిలో ఏ నెల ఎంత ప్రవాహం అని అడుగుతరు. అడిగిన నాడు వెతికితే దొరికే సరుకు కాదది. ముప్పై ఏండ్ల ముందు ఒక మనిషి వాగు ఒడ్డున నిలబడి, రోజూ పొద్దున గేజి చూసి, రిజిస్టరులో రాసి ఉంటేనే ఇయ్యాల అది ఆధారమైతది. ఇయ్యాల మనం రాసేది మన మనుమలకు పనికొస్తది.

ఈ గడ్డకు పరిశోధన కొత్త కాదు

ఇదంతా పెద్ద దేశాలకే సాధ్యమని అనుకునేటోళ్లకు మన చరిత్ర ఒకసారి గుర్తు చెయ్యాలె. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేల మంది చనిపోయిండ్రు. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్యను పిలిపించిండ్రు. ఆయన వచ్చి, వానలు చూసి, లోతట్టు చూసి, నదికి పైన జలాశయాలు కట్టాలని సలహా చెప్పిండు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినయి. బయటి నిపుణుని సలహా తీసుకునుడు తప్పు కాదు. ఆ సలహాను చేతిలోకి తీసుకొని కట్టగలిగినోళ్లు, కట్టినంక నడపగలిగినోళ్లు మన దగ్గరే ఉండుడు ముఖ్యం.

ఆ మనుషులను తయారు చేసుకున్నరు గనుకనే అలీ నవాజ్ జంగ్ బహదూర్ వంటి ఇంజనీరు వచ్చిండు. ఇంగ్లండుకు పోయి చదివొచ్చి, మంజీర మీద నిజాంసాగర్ కట్టించిండు. ఆయన పుట్టిన జులై 11ను మనం తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నం. నిజాం పాలన చివరి ఏండ్లలోనే ఇక్కడ ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాల మొదలైంది. హిమాయత్‌సాగర్ దగ్గర ఇప్పటికీ ఉన్నది. డ్యామ్ కట్టే ముందు దాని చిన్న నమూనా కట్టి, నీళ్లు వదిలి, గేట్ల కింద ఎట్ల కోత పడ్తదో చూసే జాగ అది. మట్టి పరీక్ష, కాంక్రీటు పరీక్ష అక్కడ చేస్తరు.

ఇక్కడున్న ఉద్యోగ మిత్రులను ఒక మాట అడుగుత. మన శాఖలో ప్రయోగశాలకు బదిలీ అంటే సంబురపడేటోళ్లు ఎందరు? శిక్ష అనుకునేటోళ్లు ఎందరు? ప్రాజెక్టు డివిజన్‌కు పోతే పని ఉన్నదంటరు, పలుకుబడి ఉన్నదంటరు. ల్యాబుకు పోతే మూలకు పడ్డట్టే అంటరు. ఒక మనిషి పదేండ్లు ఒకే విషయం మీద కూసుంటేనే పరిశోధకుడైతడు. రెండేండ్లకోసారి బదిలీ చేస్తే ఫైలు మోసేటోడు మాత్రమే తయారైతడు.

పక్క దేశం నేర్పిన పాఠం

బంగ్లాదేశ్ సంగతి చెప్త. చెరువుల నీళ్లు, నదుల నీళ్లు తాగి పిల్లలు వాంతులు విరేచనాలతో చనిపోతున్నరని 1970ల నుంచి అక్కడ యూనిసెఫ్ సాయంతో లక్షల చేతిపంపులు వేసిండ్రు. ఉద్దేశం మంచిది. చావులు తగ్గినయి కూడా. కానీ ఆ నేల కింద ఆర్సెనిక్ ఉన్నదని ఎవరూ చూడలేదు. 1992లో బ్రిటిష్ జియోలాజికల్ సర్వే వచ్చి అక్కడి భూగర్భ జలాలను పరీక్ష చేసింది. పరీక్షించిన వస్తువుల జాబితాలో ఆర్సెనిక్ లేదు. తర్వాత అక్కడి బాధితుడొకరు ఇంగ్లండు కోర్టుకు పోతే, 2006లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ సర్వేకు బాధ్యత లేదని కొట్టేసింది.

మరి ఎవరు కనిపెట్టిండ్రు? 1980లలో కలకత్తాలో కె.సి. సాహా అనే చర్మ వైద్యుడు, తన దగ్గరికి వచ్చిన పల్లెటూరి పేషంట్ల చేతుల మీద, కాళ్ల మీద మచ్చలు చూసి ఇది నీళ్ల విషమని గుర్తుపట్టిండు. జాదవ్‌పూర్ యూనివర్సిటీలో దీపాంకర్ చక్రవర్తి ఊరూరు తిరిగి వేల నమూనాలు తెచ్చి పరీక్ష చేసి, అటు బెంగాల్‌లో, ఇటు బంగ్లాదేశ్‌లో మొత్తుకున్నడు. బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ 1993లో చాపాయ్ నవాబ్‌గంజ్ దగ్గర మొదటిసారి ఆర్సెనిక్‌ను పట్టుకున్నది. చరిత్రలో ఇంత పెద్ద ఎత్తున జనం విషం పాలైన ఘటన ఇంకోటి లేదని తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలోనే రాసిండ్రు.

ఇందులో మనకు పాఠం ఏంది? బయటి నుంచి వచ్చినోడు చెడ్డోడని కాదు. వాడు తనకిచ్చిన పని చేసుకొని, తన జాబితా ప్రకారం పరీక్ష చేసి పోయిండు. జాబితాలో లేనిది వానికి కనబడదు. పేషంటును రోజూ చూసేటోడు, ఆ ఊరి నీళ్లు తాగేటోడు, ఆ భాష మాట్లాడేటోడు జాబితాలో లేని ప్రశ్న వేస్తడు. ఏ ప్రశ్న వెయ్యాలో తెలిసినోడు ఊర్లో ఉండుడే స్థానిక పరిశోధన అంటే.

పేరు నల్లగొండది, రోగం కూడా నల్లగొండదే

బంగ్లాదేశ్ దాకా ఎందుకు, మన నల్లగొండ లేదా? లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మెల్లమెల్లగ పండ్లు గారపడ్తయి, తర్వాత ఎముకలు బిగుసుకుపోతయి. మర్రిగూడ, మునుగోడు దిక్కు తరాలకు తరాలు ఆ నీళ్లే తాగినయి. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టిండ్రు. ఆ పేరు టాంజానియాకు పోయింది, ఇథియోపియాకు పోయింది, కెన్యాకు పోయింది. నీళ్ల శాస్త్రం చదివే విద్యార్థి ఏ దేశంలో ఉన్నా నల్లగొండ పేరు చదువుతడు.

మరి నల్లగొండలో ఏమైంది? ఆ పద్ధతిలో నీళ్ల క్షారగుణాన్ని బట్టి రోజూ పటిక మోతాదు మార్చాలె. మోతాదు ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతది. కిందికి దిగిన బురదను జాగ్రత్తగ పారబొయ్యాలె. ఇదంతా చూసుకునే మనిషి, వానికి జీతం, పరీక్ష చేసే చిన్న ల్యాబు ఊర్లో ఉండాలె. అవి లేనికాడ పద్ధతి పుస్తకంలోనే మిగిలింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డరు. జలసాధన సమితి పిలుపు మీద నిలబడ్డోళ్లే ఎక్కువ. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ దెబ్బకు దేశమంతా నల్లగొండ దిక్కు చూసింది. ఎముకలు వంగినోళ్లు నామినేషన్ వేస్తే తప్ప ఢిల్లీకి వినపడలేదు.

2016 తర్వాత మిషన్ భగీరథ వచ్చి నది నీళ్లు ఇండ్లకు చేరినయి. సంతోషం. కానీ నల్లా వచ్చినంత మాత్రాన పరిశోధన అక్కరలేదనుకుంటే పొరపాటు. బోరు నీళ్లతో పండిన పంటలో, పశువుల మేతలో ఫ్లోరైడ్ ఎంత వస్తున్నది? ఇదివరకే రోగం ముదిరినోళ్లకు ఏ తిండి పెడ్తే, ఏ వైద్యం చేస్తే ఉపశమనం? నల్లా ఆగిన రోజు జనం ఏ నీళ్లు తాగుతున్నరు? ఈ ప్రశ్నలకు జవాబు నల్లగొండలోనే వెతకాలె. పేరిచ్చిన జిల్లాకు ఒక శాశ్వత పరిశోధన కేంద్రం బాకీ ఉన్నది.

మన కాళ్ల కిందున్న రాయి

తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైటు. ఈ రాయి సంగతి తెలియకుండ మన వ్యవసాయం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేం. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం దగ్గర సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్నది. 1999లో ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్సు భూగర్భ శాస్త్రవేత్తలు కలిసి ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం పెట్టుకొని, ఆ పరీవాహకంలోని 700కు పైగా సాగు బోర్లను లెక్కబెట్టి, ఏండ్ల తరబడి కొలిచిండ్రు. తేలింది ఏందంటే, పైన కుళ్లిన రాయి పొర ఒకటి, పది ఇరవై మీటర్లు. దాని కింద పగుళ్లున్న పొర ఒకటి. ఇంకా లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తక్కువైతయి. వెనుకట పై పొరలో నీళ్లుండె, మోట బావులు ఆ నీళ్ల మీదనే నడిచినయి. బోర్లొచ్చినంక ఆ పొర ఎండింది. ఇప్పుడు పగుళ్ల పొర మీద బతుకుతున్నం. ఇంకా లోతుకు వేస్తే ఇంకా నీళ్లు పడ్తయన్నది చాలాకాడ ఆశ మాత్రమే.

ఆరు వందల ఫీట్లు, ఎనిమిది వందల ఫీట్లు బోరు వేసి, అప్పుల పాలైన రైతుల కుటుంబాలు మీ ఊర్లలో ఉన్నయి. కొబ్బరికాయ పట్టుకొని తిరిగే మనిషికి రైతు పైసలిస్తడు. ఎందుకంటే ఆ మనిషి రైతు భాషలో మాట్లాడుతడు. మహేశ్వరంలో తేలిన సంగతి ఫ్రాన్సులో చదువుతరు, అమెరికాలో చదువుతరు. పక్క మండలం రైతుకు తెలుగులో చెప్పేటోడు లేడు. ఎన్‌జీఆర్‌ఐ, ఇక్రిశాట్, క్రీడా, రిమోట్ సెన్సింగ్ కేంద్రం, రాజేంద్రనగర్‌లో వాలంతరి, అన్నీ హైదరాబాదు చుట్టే ఉన్నయి. ఇన్ని సంస్థలున్న రాష్ట్రం దేశంలో ఎన్ని ఉన్నయి? దీపం కింద చీకటంటే ఇదే.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు కాగితం తియ్యండి. ఎకరం భూమి మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లు. మన దగ్గర ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. గ్రానైటు నేలలో అందులో పదో వంతు, అంటే 75 మిల్లీమీటర్లు భూమిలోకి దిగుతది. ఎకరానికి 3 లక్షల లీటర్ల ఊట. ఇప్పుడు యాసంగి వరి చూడండి. ఎకరం మడికి సుమారు 1,200 మిల్లీమీటర్లు పారబెట్టాలె. దాదాపు 48 లక్షల లీటర్లు. మడిలో పారినదాంట్లో సగం మళ్లీ కిందికే దిగుతదనుకున్నా 24 లక్షలు ఖర్చే. 24ను 3తోని భాగించండి. ఒక ఎకరం బోరు వరికి ఎనిమిది ఎకరాల ఊట కావాలె. ఊర్లో ఎనిమిది ఎకరాలకు ఒక ఎకరం కంటే ఎక్కువ బోరు వరి పెడ్తే, ఆ ఊరు తన మూలధనం తింటున్నట్టే. చెరువు నిండితే, కాలువ వస్తే లెక్క మారుతది. ఏ ఊరికి ఎంత మారుతదో ఆ ఊర్లో కొలిస్తేనే తెలుస్తది.

ఇది పీహెచ్‌డీ లెక్క కాదు. మన తాతలు చేసిన లెక్కే. చెరువు కింద తాబి పంటకు ముందు ఊరంతా కట్ట మీద కూసొని, ఉన్న నీళ్లు చూసి, ఈసారి ఇన్ని ఎకరాలే పెడదామని తైబందీ చేసేటోళ్లు. అందరికీ కొంత కొంత భూమి పంచేటోళ్లు. నీరటి తూము దగ్గర కాపలా ఉండేటోడు. కొలత, చర్చ, నిర్ణయం, అమలు. ఇప్పటి శాస్త్రవేత్తలు 'పంటల నీటి బడ్జెట్' అనే దాంట్లో ఈ నాలుగే ఉన్నయి. చెరువు నీళ్లు కంటికి కనబడ్తయి గనుక తైబందీ నడిచింది. భూమి కింది నీళ్లు కనబడవు గనుక అక్కడ తైబందీ లేకుండ పోయింది.

రైతే పరిశోధకుడు

ఆ కనబడని నీళ్లకు తైబందీ చేసిన ప్రయోగం కూడా మన దగ్గర జరిగింది. 2003లో నెదర్లాండ్స్ పైసలతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల నిర్వహణ మొదలైంది. మన మహబూబ్‌నగర్, నల్లగొండ అందులో ఉన్నయి. 600కు పైగా ఊర్లలో, 2 వేలకు పైగా బావుల్లో రైతులే పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలిచిండ్రు. వాన ఎంత పడ్డదో రోజూ రాసుకున్నరు. ఆడవాళ్లు టేపు పట్టుకొని బోరు లోతు కొలిచిండ్రు. గోడ మీద బోర్డు రాసిపెట్టిండ్రు. యాసంగి ముందు ఊరంతా కూసొని ఉన్న నీళ్లెన్ని, పెట్టాలనుకున్న పంటకు కావాల్సినవెన్ని అని లెక్క తీసిండ్రు. ఎవరినీ బలవంతం చెయ్యలేదు, జరిమానా లేదు. లెక్క చూసి తమంతట తామే వరి తగ్గించి ఆరుతడికి మళ్లినోళ్లున్నరని ప్రపంచ బ్యాంకు కూడా రాసింది.

మరి తర్వాత? ప్రాజెక్టు గడువు అయిపోయింది. పైసలు ఆగినయి. చాలా ఊర్లలో కొలతలు కూడా ఆగినయని తర్వాత పోయి చూసినోళ్లు రాసిండ్రు. బోర్డు మీద అంకెలు చెదిరిపోయినయి. రైతుకు చేతగాక ఆగలేదు. కొలిచే రైతుకు వెనుక నిలబడే సంస్థ లేక ఆగింది. పరిశోధన శక్తి అంటే ప్రాజెక్టు కాదు. ప్రాజెక్టుకు మొదలు, చివర ఉంటయి. వాన ప్రతి ఏడు పడ్తది, కొలత ప్రతి ఏడు ఉండాలె.

మన ఇంజనీరు టి. హనుమంతరావు సారు వాన నీళ్లు, నేల తేమ, భూగర్భ జలం, పారే నీళ్లు, ఈ నాలుగింటినీ ఒకే లెక్కలో చూడాలని చెప్పిండు. జహీరాబాద్ దిక్కు గొట్టిగారిపల్లెలో చేసి చూపెట్టిండు. ఆ చతుర్విధ జల ప్రక్రియను తర్వాత రాజస్థాన్ తీసుకున్నది. మనింట్లో పుట్టిన విద్యను పక్కోళ్లు గుర్తించిందాక మనం గుర్తించకుండ ఉండుడు ఎన్నాళ్లు?

తెలుసుకోకపోతే ఎంత నష్టం

తప్పు ఎవరిదని నేనిక్కడ పంచాయితీ పెట్టను. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగినయి. ప్లానింగ్, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ, అన్నింట్లో లోపాలున్నయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ చెప్పింది. ఈ నాలుగింటికీ ముందు ప్రశ్న అడగాల్సింది ఎవరు? రాష్ట్రంలో ఉన్న స్వతంత్ర పరిశోధకుడు. ఇసుక కింద నీళ్లు ఎట్ల పారుతయి, గేటు ఎత్తినంక ఎంత వేగం వస్తది, వరద పోయినంక కింద కోత ఎంత పడ్డది అని కొలిచి, "ఆగండి" అని రాతపూర్వకంగ చెప్పగలిగే మనిషి కావాలె. అట్ల చెప్పినందుకు బదిలీ కాకుండ రక్షణ కూడా కావాలె.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలింది. ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతబట్టుకొని వచ్చిన 8 మంది కార్మికులు లోపలే ఉండిపోయిండ్రు. ఆ తర్వాత అదే ఏడు చివర్లో ఎన్‌జీఆర్‌ఐ వాళ్లతోని హెలికాప్టర్ మీద నుంచి రాతి పొరల సర్వే చేయించిండ్రు. ఆ సంస్థ హైదరాబాదులో 1961 నుంచి ఉన్నది. ఇంతకంటే నేను వేరే చెప్పాల్సింది లేదు.

ఏం చెయ్యాలె

ఉద్యోగ మిత్రులారా, మీ సంఘాల డిమాండ్ల పత్రంలో డీఏ ఉంటది, పీఆర్‌సీ ఉంటది. ఉండాలె. దానితోపాటు ఒక్క పేజీ కలపండి. ప్రయోగశాలల్లో, హైడ్రాలజీ విభాగంలో, భూగర్భజల శాఖలో ఖాళీలు నింపాలె. పరిశోధన చేసేటోనికి వేరే కేడర్, వేరే ప్రమోషన్ దారి ఉండాలె. గేజి రీడరు పని కాంట్రాక్టు కూలి పని కావొద్దు. రాష్ట్రం నీటి హక్కు ఆయన కలం మీద ఆధారపడి ఉన్నది.

ప్రభుత్వానికి చెప్పేది ఒక్కటే. ప్రతి ప్రాజెక్టు ఖర్చులో ఒక చిన్న పాలు చదువుకు, కొలతకు కేటాయించాలె. వానలు, ప్రవాహాలు, బోర్ల నీటిమట్టాలు తెలుగులో, మండలం వారీగ జనానికి ఇయ్యాలె. రహస్యం పెట్టుకున్న లెక్క తప్పులను దాస్తది. బయటి దేశం ప్రాజెక్టు తీసుకుంటే తీసుకోండి. కానీ పోయేటప్పుడు డేటా ఇక్కడ పెట్టి పోవాలె, పరికరాలు ఇక్కడ పెట్టి పోవాలె, నేర్చుకున్న మనుషులకు ఇక్కడే నౌకరి ఉండాలె. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు 46 వేలకు పైగా చెరువుల లెక్క తీసినం. పూడిక తీసుడు ఒక్కసారి పని. చెరువు నీళ్లు కొలుసుడు ఏటేటా పని. ప్రతి చెరువుకు ఒక గేజి రాయి పాతాలె, గ్రామ పంచాయతీలో ఒక రిజిస్టరు ఉండాలె, తైబందీని మళ్లీ తేవాలె.

విద్యార్థులకు చివరి మాట. ఉస్మానియాలో, కాకతీయలో, పాలమూరులో, మహాత్మాగాంధీ యూనివర్సిటీలో చదివే జియాలజీ, సివిల్, జాగ్రఫీ, ఎకనమిక్స్ పిల్లలు ప్రాజెక్టు వర్క్ అని ఇంటర్నెట్ నుంచి దించుకునుడు బంద్ చెయ్యండి. మీ ఊరికి పోండి. పది బావులు ఎంచుకోండి. నెలకోసారి మట్టం కొలవండి. చెరువు ఎన్నడు నిండిందో నీరటిని అడిగి రాయండి. ఒక్క ఊరి మూడేండ్ల లెక్క చేతిలో ఉంటే మీరు ఏ కలెక్టరు ముందైనా, ఏ మంత్రి ముందైనా నిలబడి మాట్లాడొచ్చు. వెయ్యి మంది వెయ్యి ఊర్లది రాస్తే, అది ఏ ట్రిబ్యునల్ కాదనలేని గ్రంథమైతది.

మనం రాష్ట్రం అడిగింది మన సంగతి మనమే నిర్ణయించుకునేటందుకు. తెలియని దాని మీద నిర్ణయం ఎట్ల చేస్తం? వేరేవాడు కొలిచి, వేరేవాడు రాసి, వేరేవాడు చెప్పిన అంకె మీద మన సంతకం పెట్టుడు స్వపరిపాలన కాదు. మన వాగు మనం కొలవాలె, మన లెక్క మనం రాయాలె, మన భాషలో మన రైతుకు చెప్పాలె. ఈ ఎండాకాలం నుంచే మొదలు పెడదాం.

జై తెలంగాణ.